నూనె తగిలిన కమాను

నా కూతురికి తెలుగు వింటే అర్థమవుతుంది. మాట్లాడమంటే నాలుగు ముక్కలు మాట్లాడి ఇంగ్లీషులోకి దిగిపోతుంది. చదవడం మాత్రం బొత్తిగా రాదు. దాని చిన్నప్పుడు ఈ పరాయి దేశంలో మాకు దగ్గర్లో ఉన్న క్రాన్‌బర్న్‌లో ఆదివారం మధ్యాహ్నాలు పిల్లలకి తెలుగు నేర్పేవాళ్ళు. మూడు వారాలు పంపాం. నాలుగో వారం వయొలిన్ క్లాసు సరిగ్గా అదే వేళకి పడింది. రెండింట్లో ఏది కావాలని అడిగితే వయొలినే అంది. సరే అన్నాం. అందుకే ఇవాళ వంటింటి బల్ల మీద, దాని కళ్ళెదుటే ఈ కాగితాలు పరుచుకుని రాయగలుగుతున్నాను.

దానికి నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. ఏడేళ్ళుగా చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచిన రోజులున్నాయి. తెరిచి, "అన్నం తిన్నావా" అని అడిగి ఊరుకున్నాను. పెద్ద కథేమీ కాదు, ఒక్క వాక్యం. కాకపోతే ఆ వాక్యం చెప్పాక దాని మనసులో ఉన్న తండ్రి మారిపోతాడు, ఎదురుగా ఉన్న తల్లీ మారిపోతుంది. తండ్రి మారడం మంచికే. తల్లి సంగతే నా భయం.

ముందు కమాను సంగతి చెప్పాలి. వయొలిన్ కమానుకి కట్టేవి గుర్రం తోక వెంట్రుకలు. వాటంతట అవి తీగని పలికించలేవు, జారిపోతాయి. వాటికి రోజిన్ అనే బిళ్ళ రుద్దాలి. పైన్ చెట్ల బంకని కాచి, గట్టిపరిచి చేసే బిళ్ళ అది. చూడ్డానికి ముదురు పాకం గడ్డకట్టినట్టు ఉంటుంది. రుద్దితే వెంట్రుకలకి తెల్లటి పొడి అంటుకుంటుంది. ఆ పొడి పట్టు ఇస్తేనే తీగ మోగుతుంది, లేకపోతే ఎంత గొప్ప వాయిద్యమైనా మూగదే. ఇదంతా నేను పుస్తకాలు చదివి తెలుసుకున్నది కాదు. మా ఇంట్లో ఆ శాఖకి మంత్రి మా ఆయన.

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా బడివాళ్ళు పిల్లలకి తలా ఒక చిన్న సైజు వయొలిన్ ఇచ్చి పంపారు. ఇంటికి తెచ్చి, పెట్టె తెరిచి, టీచరు చెప్పినట్టే రోజిన్ రుద్ది, కమాను తీగ మీద పెట్టి లాగింది. చప్పుడు లేదు. ఇంకోసారి లాగింది. లేదు. "ఇట్స్ బ్రోకెన్" అని సోఫాలో బోర్లా పడి ఒకటే ఏడుపు. నేనైతే బడివాళ్ళని తిట్టడం మొదలుపెట్టాను. మన పిల్లకి కావాలనే పాడైపోయిందాన్ని అంటగట్టారని, నల్లపిల్లలంటే వీళ్ళకి లోకువని, నా నోటికొచ్చినదంతా అన్నాను. నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

మా ఆయన తాడేపల్లిగూడెంలో రేడియోలూ టీవీలూ బాగుచేసే కొట్లో పదిహేనేళ్ళు పనిచేసిన మనిషి. ఇక్కడ డాండెనాంగ్‌లో ఒక ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులు బాగుచేసేవారు. నా తిట్లు ఒక చెవితో వింటూనే ఆ బిళ్ళ చేతిలోకి తీసుకుని వాసన చూశారు. మొహం వెలిగిపోయింది.

"ఓసినీ! ఇది నా సబ్జెక్టే కదే! సోల్డరింగులో వాడేది ఇదే. దీని పొగ ఎన్నేళ్ళు పీల్చానో ఆ దేవుడికే తెలుసు" అన్నారు.

కొత్త బిళ్ళ అద్దంలా నున్నగా ఉందట, అందుకే పొడి రాలడం లేదట. పనిముట్ల పెట్టెలోంచి గరుకు కాగితం తీసి బిళ్ళ పైన నాలుగు రుద్దులు రుద్దారు. తర్వాత కమానుకి రాశారు. పిల్లని లేపి చేతికిచ్చారు. తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు కిర్రుమంది. అంత వికారమైన చప్పుడు విని ముగ్గురం చప్పట్లు కొట్టాం.

"చూశావా అమ్మలూ, వయొలిన్ బానే ఉంది. వయొలిన్‌ది కాదు తప్పు. కమానుకి పట్టు లేదు, అంతే" అన్నారు.

ఆ రోజు నుంచి రోజిన్ రాయడం ఆయన పని. దాని టీచరు పిల్లలే రాసుకోవాలని చెప్పినా ఈయన వింటేగా. ఫ్యాక్టరీ నుంచి వచ్చి గిన్నెలు తోమే సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కునేవారు. పొడి తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకునేవారు. సోఫా అంచున కూర్చుని కమాను చివరున్న మర బిగించి, కర్రకీ వెంట్రుకలకీ మధ్య పెన్సిలు దూరేంత సందుందో లేదో చూసేవారు. ఆరుసార్లు పైకి, ఆరుసార్లు కిందకి. ఒకేచోట గాడి పడకుండా బిళ్ళని ప్రతిసారీ కాస్త తిప్పేవారు. అయ్యాక వయొలిన్ మీద రాలిన పొడిని మెత్తటి గుడ్డతో తుడిచేవారు. నేను పనిచేసేది ముసలివాళ్ళ హోములో. రోజంతా నలుగురికి స్నానాలు చేయించి, బట్టలు మార్చి నడుం పడిపోయి వస్తే, ఈయన ఆ కర్రకి చేసే సేవ చూసి ఒళ్ళు మండేది.

ఒకసారి బల్ల తుడుస్తూ కమానుని పక్కకి జరపబోయి వెంట్రుకల మీద చెయ్యి వేశాను. ఇంట్లో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి "ముట్టుకోకు!" అని కేకేశారు.

"చేతి జిడ్డు తగిలిందంటే ఇక ఆ చోట పలకదు. ఎంత రోజిన్ పామినా పట్టదు. జిడ్డు తగిల్తే కమాను చచ్చినట్టే" అన్నారు.

మీ కమానుకున్న మర్యాద నాకు లేదని రెండు రోజులు మాట్లాడడం మానేశాను. ఈ ముక్క ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, నాకు తెలుసు అని చెప్పడానికి. తెలియక చేశానని అనడానికి నాకు వీల్లేదు.

ఆయనకి సంగీతం రాదు. ఆదివారం మా చర్చి సంఘంలో పాటలు పాడేటప్పుడు ఆయన పక్కన నిలబడినవాళ్ళు కూడా రాగం తప్పేవాళ్ళు. ఆయనకి ప్రాణమైన పాట మాత్రం ఒకటుంది. వాళ్ళ ఊరి చర్చిలో ఆయన తల్లి పాడేదట. అది వాయించమని కూతుర్ని ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. "నాట్ ఇన్ మై లిస్ట్, డాడీ" అనేది అది. పరీక్షకి ఇచ్చిన పాఠాల్లో లేదని దాని భావం. అసలు కారణం స్నేహితుల ముందు మన పాటలంటే దానికి సిగ్గు. "పోన్లే, ఎప్పుడో ఒకప్పుడు వాయిస్తావులే" అని ఆయన మళ్ళీ రోజిన్ అందుకునేవారు.

దానికి పద్నాలుగు నిండకముందే ఆయనకి పెద్దపేగులో క్యాన్సర్ అన్నారు. చెప్పే నాటికే లివర్‌కి పాకింది. మాత్రలు ఇచ్చారు. ఆ మాత్రలకి అరచేతులు ఎర్రబడి, పగిలి, వేళ్ళ తోలు ఊడొచ్చేది. మా హోములో ముసలివాళ్ళకి రాసే తెల్లటి క్రీము, సార్బొలీన్ అంటారు ఇక్కడ, అది పెద్ద డబ్బా కొని పెట్టాను. పూటకి రెండుసార్లు రాసి, తెల్లటి నూలు గ్లోవ్స్ తొడిగేదాన్ని. సాయంత్రం అయ్యేసరికి ఆయన వాటిని విప్పేవారు. సబ్బు తగిలితే మంట పుట్టేది. పళ్ళ బిగువున చేతులు కడుక్కుని, క్రీము అంటని వేరే జత తొడుక్కుని, అప్పుడు కమాను పట్టుకునేవారు. ఆ జత ఇంకే పనికీ వాడనిచ్చేవారు కాదు, తన పనిముట్ల పెట్టెలో ఒక కవరులో పెట్టుకునేవారు.

"ఏవండీ, పెళ్ళి బ్యాండు వాళ్ళలా ఉన్నారు" అన్నాను ఒకసారి.

"మరే. పెళ్ళికూతురిదే ఆలస్యం" అని కూతురి వైపు చూసి నవ్వారు.

కూతురి వైపంటే, గోడ మీదున్న దాని ఫోటో వైపు. అప్పుడది బడి నుంచి రావడానికి ఇంకా టైముంది. అంటే, ఆయన గ్లోవ్స్ తొడుక్కోవడం దానికి తెలుసు, కానీ రెండు జతలున్నాయని, రోజిన్ కోసం ఒకటి వేరే పెట్టుకున్నారని దానికి తెలియదు.   అది ఇల్లు చేరేలోపే ఆయన ఈ పని ముగించేవారు. చేతులు కడుక్కునేటప్పుడు తన మొహం ఎలా పెట్టేవారో పిల్ల చూడకూడదని ఆయన పట్టుదల.

ఇక నూనె సంగతి. మాది క్లైడ్ నార్త్‌లో ఒక హాలు అద్దెకి తీసుకుని నడుపుకునే చిన్న తెలుగు సంఘం. ప్రార్థన చేసిన నూనె మా వాళ్ళు రాయని వస్తువు లేదు. కొత్త ఇంటి గడపకి రాస్తారు. కారు స్టీరింగుకి రాస్తారు. పిల్లల పరీక్ష కాగితాలకి రాస్తారు. ఇక్కడ శాశ్వతంగా ఉండనివ్వమని పెట్టుకున్న మా పీఆర్ ఫైలు అట్ట మీద బొటనవేలంత మరక ఇప్పటికీ ఉంది. పీఆర్ వచ్చింది కూడా. అలా వచ్చాక నమ్మకం లేకుండా ఎలా ఉంటుంది? సూపర్‌మార్కెట్లో కొన్న ఆలివ్ నూనే అయినా, మా పాస్టరు అయ్యగారు చెయ్యి పెట్టి ప్రార్థన చేశాక దాన్ని తాలింపుకి వాడం. నా దృష్టిలో అది వంటనూనె కాదు.

ఆయన్ని ఆస్పత్రిలో చేర్చింది గురువారం. శుక్రవారం డాక్టరమ్మ నన్ను పక్క గదిలోకి పిలిచి, వారాలు కావు, రోజులు అని చెప్పింది. ఆ సాయంత్రం మా ఆడవాళ్ళ ప్రార్థన నడిపే ఆంటీ ఫోన్ చేశారు.

"సిస్టర్, ఆయన ఒంటికే కాదమ్మా, ఆయన చెయ్యి పడ్డ ప్రతి వస్తువుకీ రాయండి. ఒక్కటి కూడా వదలొద్దు. విశ్వాసంతో రాయండి" అన్నారు.

ఆమెని తప్పు పట్టను. కమాను సంగతి ఆమెకేం తెలుసు? ఆమె కూడా నాతోపాటు ఫోన్లో ఏడ్చింది.

అదే శుక్రవారం ఆయన కూతురితో, "రేపు వయొలిన్ తీసుకురా అమ్మలూ" అన్నారట. అది నాకు కారులో చెప్పింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ పాట నేర్చుకుందట. నెలరోజుల బట్టీ, బడిలో ఖాళీ గదిలో బడి వయొలిన్ పట్టుకుని, ఫోన్లో మా సంఘం రికార్డింగు వింటూ. డాడీకి చెప్పొద్దు అంది. సర్‌ప్రైజ్ అంది.

శనివారం ఉదయం అది స్నానానికి వెళ్ళింది. నేను సీసా పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఆయన దిండుకి రాశాను. చెప్పులకి రాశాను. కళ్ళజోడు పెట్టెకి, సోల్డరింగ్ కడ్డీకి, పనిముట్ల పెట్టె పిడికి రాశాను. హాల్లో వయొలిన్ పెట్టె సిద్ధంగా ఉంది. తెరిచాను. వయొలిన్ వెనక సిలువ గుర్తు వేశాను. కమాను తీశాను. కర్రకి రాసి ఊరుకోవచ్చు. కానీ ఒక్కటి కూడా వదలొద్దన్నారు. ఆయన చెయ్యి కర్ర మీద కంటే వెంట్రుకల కోసమే ఎక్కువ ఆడింది. వేళ్ళు నూనెలో తడిపి ఈ చివర నుంచి ఆ చివరదాకా, ఆయన రాసినట్టే ఆరుసార్లు పైకి, ఆరుసార్లు కిందకి రాశాను. ప్రతిసారీ ఆయన్ని నాకు వదిలిపెట్టమని దేవుణ్ణి అడిగాను.

"ముట్టుకోకు" అన్న కేక గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. అది జిడ్డు గురించి కదా అనుకున్నాను. ప్రార్థన చేసిన నూనె జిడ్డెలా అవుతుంది? నా బుర్రలో ఆ రెండూ ఎప్పుడూ ఒక గదిలో లేవు. రోగుల చర్మం చూడగానే ఏ క్రీము రాయాలో చెప్పగల మనిషిని, రెండు జతల గ్లోవ్స్ ఉతికిన మనిషిని, ఆ పూట అంత మొద్దులా ఉన్నాను. పెట్టె మూసి జిప్పు లాగాను.

ఆస్పత్రిలో ఆయన గది కిటికీలోంచి కార్ల పార్కింగు కనిపించేది. మధ్యాహ్నం వెలుతురుకి ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. నొప్పి మందు ఎక్కువైనా మాటలు తెలుస్తూనే ఉన్నాయి. పిల్ల వచ్చిందంటే చెయ్యి కొంచెం ఎత్తారు. నర్సు తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. అది పెట్టె తెరిచి, కమాను మర బిగించి, కిటికీ వైపు తిరిగి నిలబడింది. మొహంలో సంతోషం ఆపుకోలేకపోతోంది. ఆ గదిలో సంతోషంగా ఉన్నది అదొక్కతే.

కమాను లాగింది. ఏమీ రాలేదు. గుడ్డతో బల్ల తుడిచినట్టు సన్నటి సవ్వడి, అంతే. మళ్ళీ లాగింది. గట్టిగా నొక్కి లాగింది. లేదు. గబగబా పెట్టెలోంచి రోజిన్ తీసి రుద్దింది. పొడి పట్టలేదు, ముద్దముద్దగా అంటుకుని మెరిసింది. ఆ మెరుపు చూడగానే నాకు తెలిసిపోయింది. 

"మొదలెట్టావా అమ్మలూ?" అన్నారు ఆయన, కళ్ళు తెరవకుండానే.

అది నా వైపు చూసింది. మళ్ళీ కమాను లాగడం మొదలుపెట్టింది. ఆయన దుప్పటి మీద వేలితో తాళం వేయడానికి వేలు ఎత్తి, అలాగే ఉంచేశారు. కాసేపటికి నా వైపు తల తిప్పారు.

"ఏవే, పాట వినపడట్లేదే నాకు. మాట వినపడుతోంది, పాట వినపడట్లేదు. నేనేగా బుధవారం రోజిన్ రాసింది, దాంట్లో తేడా ఉండదు. నా చెవులే అయ్యుంటాయి. సన్నటి శబ్దాలు ముందు పోతాయని నువ్వేగా చెప్పావు, మీ హోములో వాళ్ళకి."

ఎప్పుడో అన్నం తింటూ చెప్పిన మాట అది. ముసలివాళ్ళకి పిట్టల కూతలు ముందు వినపడకుండా పోతాయని, మాటలు తర్వాత పోతాయని. ఆయన దాన్ని గుర్తుపెట్టుకున్నారు.

పిల్ల నోరు తెరిచింది. అది నిజమే చెప్పబోయింది, నాకు తెలుసు. "నో డాడీ" అన్నంతవరకు వచ్చింది. అంతకంటే ముందు నేను అనేశాను.

"అవునండీ. అలాగే అవుతుంది."

నూనె రాయడం పొరపాటు. ఎవరైనా క్షమిస్తారు, నన్ను నేను కూడా క్షమించుకునేదాన్నేమో. ఇది పొరపాటు కాదు. ఆయన చెవులు బాగానే ఉన్నాయి. ఆ ముక్క నేను చెప్పి ఉంటే, కమాను ఇలా తెమ్మని, వాసన చూసి, నన్ను నాలుగు తిట్టి, ఇంకో కమాను ఎక్కడైనా అడిగి తెమ్మని పిల్లని పంపేవారు. ఇంకా మూడు రోజులున్నాయి. ఆయన ఆ పాట వినేవారు. నేను చేసిన పని నేనే ఆయన ముందూ పిల్ల ముందూ ఒప్పుకోలేక, బతికున్న చెవుల్ని చంపేశాను. అంత చిన్న పరువు కోసం.

"సరే. నువ్వు ఆపకు అమ్మలూ. నాకు వినపడకపోతే ఏం, వాయించు" అన్నారు.

నేను తల ఊపాను, కానివ్వమన్నట్టు. అది కానిచ్చింది. పాట మొత్తం, మూడు చరణాలూ, చప్పుడు లేకుండా కమాను పైకీ కిందకీ ఆడిస్తూ నిలబడింది. ఆయన వేలు దుప్పటి మీద ఏదో తాళం వేసింది. దానితో కలవలేదు. ఎలా కలుస్తుంది? అయ్యాక, "బాగుందమ్మా" అన్నారు.

కారులో అది అడిగింది, డాడీకి అలా ఎందుకు చెప్పావని. ఆయన్ని కంగారు పెట్టడం ఎందుకని అన్నాను. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికొచ్చాక వయొలిన్ పెట్టెని బీరువా పైకి తోసేసింది.

తర్వాత రెండు రోజులూ ఆయన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళంతా చెవి దగ్గర వంగి అరిచారు. ఆయనకి సరిగ్గా వినపడట్లేదని వాళ్ళకి చెప్పింది నేనే. చెప్పక ఏం చేస్తాను? పిల్ల అక్కడే ఉంది. ప్రతి అరుపుకీ ఆయన కళ్ళు చిట్లించేవారు. నేను చూస్తూ కూర్చున్నాను. మంగళవారం ఉదయం పోయారు.

సమాధి రోజున వయొలిన్ వాయించమని సంఘంవాళ్ళు అడిగారు. అది వాయించనంది. తండ్రి కోసం ఆ మాత్రం చేయదా అని ఇద్దరు ఆడవాళ్ళు నా వెనకే నిలబడి అనుకున్నారు. నాకు వినపడింది. వెనక్కి తిరిగి ఒక్క మాట అంటే సరిపోయేది. నా కోపమంతా ఆ రోజు ఎక్కడికి పోయిందో.

ఏడాదిపాటు పెట్టె బీరువా పైనే ఉంది. ఒక శనివారం తనే దింపి, బాగుచేయిద్దాం అంది. కొండల వైపు తన ఇంటి వెనక షెడ్డులో వాయిద్యాలు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కమానుని వెలుతురులో పెట్టి చూశాడు. వెంట్రుకలు రెండు వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. బాగా జిడ్డు పట్టిందని, కడిగినా లాభం లేదని, కొత్త వెంట్రుకలు కట్టాలని చెప్పాడు. ఇంట్లో ఎవరైనా చేతులకి క్రీములు రాసుకుంటారా అని అడిగాడు.

నేను ఇప్పుడు చెప్పేద్దామనే అనుకున్నాను. ఒట్టు. కానీ అది నాకంటే ముందు, "మై డాడ్" అంది.

కారెక్కాం. క్రాన్‌బర్న్ దగ్గర పడుతుండగా, ఎప్పుడూ ఇంగ్లీషులో మాట్లాడే పిల్ల తెలుగులో అడిగింది.

"డాడీ గ్లోవ్స్ మర్చిపోయారు కదా మమ్మీ? క్రీము చేతుల్తో రాసేశారు కదా?"

"అప్పటికి ఆయనకి ఓపిక లేదు కదమ్మా" అన్నాను.

అది ఏడ్చింది. కానీ ఏడాదిగా దాని మొహంలో ఉన్న బిగువు ఆ ఏడుపుతో సడలింది. తన తప్పేదో ఉందని అన్నాళ్ళూ లోపల కుమిలిపోయిందట. డాడీ అంత బాధలో కూడా తన కోసం రాశారని, చేతకాక పాడుచేశారని, ఆ సంగతి ఆయనకి తెలియకుండానే పోవడం మంచిదైందని చెప్పింది. తీసేసిన పాత వెంట్రుకల్ని అడిగి తెచ్చుకుంది. రిబ్బను కట్టి పెట్టెలో, ఆయన వాడిన రోజిన్ బిళ్ళ పక్కన దాచుకుంది. డాడీ చివరిసారి ముట్టుకున్నది ఇవే అంటుంది. వాటికున్నది నా వేళ్ళ నూనె.

ఆ నమ్మకంతోనే మళ్ళీ వాయించడం మొదలుపెట్టింది. అదే నేను నాకు చెప్పుకునే సాకు. పిల్ల కుదుటపడింది, ఇప్పుడెందుకు కెలకడం అని. సాకు ఆరేళ్ళు బాగానే పనిచేసింది.

ఇప్పుడది యూనివర్సిటీలో ఉంది. శనివారాలు మా గరాజులో ఆరుగురు పిల్లలకి వయొలిన్ నేర్పుతుంది. కొత్త పిల్ల ఎవరు చేరినా మొదటి పాఠం ఒకటే. చేతులు కడుక్కుని రమ్మంటుంది. వెంట్రుకలు ముట్టుకోవద్దంటుంది. "మా డాడీ ఒకసారి మర్చిపోయారు, అప్పుడు ఏమైందంటే" అని ఇంగ్లీషులో చెబుతుంది. నేను పక్కన బట్టలుతికే గదిలో బట్టలు మడతపెడుతూ వింటాను. ఆయన ఎప్పుడూ మర్చిపోలేదు. రక్తం కారే వేళ్ళని సబ్బుతో కడుక్కున్న మనిషిని చేతులు కడుక్కోని మనిషిగా చేశాను. చేరిన ప్రతి పిల్లకీ ఆయన అలాగే తెలుస్తున్నారు. మొన్న చేరిన పిల్లకి ఏడేళ్ళు. "సిల్లీ డాడ్" అంది. అందరూ నవ్వారు, నా కూతురు కూడా. ఆ రోజే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

పోయిన ఆదివారం అది నా ఎదురుగా కూర్చుని కమానుకి రోజిన్ రాసుకుంటూ, ఏం రాస్తున్నావని అడిగింది. డాడీ గురించి అన్నాను. నెమ్మదిగా చదివితే అర్థమవుతుంది, చదువు అంది. మొదటి రెండు పేరాలూ, నాకు తెలుసు అన్న ముక్కా వదిలేసి చదివాను. గరుకు కాగితం దగ్గర నవ్వింది. పెళ్ళి బ్యాండు దాకా వెళ్ళకుండా, అరచేతులు పగిలాయి, క్రీము డబ్బా కొన్నాను అన్నచోట ఆపి, ఇంతవరకే రాశానని చెప్పాను. మిగతా కాగితాలు నా మోచేతి కిందే ఉన్నాయి.

కళ్ళు తుడుచుకుంది. "డాడీని మరీ పర్ఫెక్ట్‌గా రాయకు మమ్మీ. ఆ క్రీము సంగతి కూడా పెట్టు, ప్లీజ్. నాకు అదే ఎక్కువ ఇష్టం" అంది.

పెడతానన్నాను.

ఈ వారమంతా మిగతాది పూర్తిచేశాను. ఇవాళ మళ్ళీ ఆదివారం. చదవమంటుంది. నా నోరు సంగతి నాకు తెలుసు, సమయానికి "అన్నం తిన్నావా" అంటుంది. అందుకని బీరువా అడుగు నుంచి ఆ కవరు తీశాను. ఆయన రోజిన్ కోసమే వేరుగా పెట్టుకున్న గ్లోవ్స్ జత. ఏడేళ్ళయినా వేళ్ళ చివర్లు రోజిన్ పొడితో బిరుసుగా ఉన్నాయి. క్రీము మరక ఒక్కటి కూడా లేదు. వాటిని బల్ల మీద, అది కూర్చునే కుర్చీకి ఎదురుగా పెట్టాను. పక్కన ప్రార్థన నూనె సీసా పెట్టాను.

గరాజు తలుపు తెరుచుకుంది. అది వచ్చి బల్ల వైపు చూసి, "ఇవేంటి మమ్మీ?" అంది.